ఆఖరి స్టాపు

బూడిదరంగు కోటు బొత్తాలు మెడదాకా పెట్టుకుని, ఫీనీ గోడనున్న పెద్ద అద్దంలో చూసుకుంటూ ముఖంమీది నవ్వు చెరిపేసుకున్నాడు. నవ్వకూడదని ప్రొఫెసరు గారి ఆజ్ఞ. అవతలివైపు నుంచి కిటికీలా కనబడే ఆ అద్దం వెనక గదిలోంచి ఆయన అన్నీ చూస్తుంటారు.

ఫీనీది ప్రొఫెసరు ఉద్యోగం కాదు, ప్రొఫెసరులా కనబడే ఉద్యోగం. ఊళ్లో ట్రాములు తిరిగినన్నాళ్లూ కండక్టరు. ట్రాములు పోయాక బస్సు షెడ్డులో ఊడ్చాడు, తుడిచాడు, రిటైరయ్యాడు. పొడుగాటి మనిషి, గంటలాంటి గొంతు. అది చూసే విశ్వవిద్యాలయం వాళ్లు తీసుకున్నారు. కోటు తొడుక్కున్న తొలిరోజున, ఎన్నో ఏళ్లకు తన మాట విని ఒక మనిషి కదలడం చూసి ఆయనకు ప్రాణం లేచివచ్చింది. ఇంట్లో ఆ భాగ్యం లేదు.

"వీధిలో పులి, ఇంట్లో పిల్లి," అంది భార్య నోరా, పొద్దున బంగాళాదుంపల చెక్కు తీస్తూ. "పులిగారూ, ఆ చెత్తడబ్బా కాస్త బయట పెట్టి వెళ్లండి."

పేపర్లో ప్రకటన చూసి జనం వస్తారు. జ్ఞాపకశక్తి మీద పరీక్ష అని వాళ్లకు చెబుతారు. పక్క గదిలో ఒకాయన్ని కుర్చీకి కట్టేస్తారు. ఆయన జవాబు తప్పు చెప్పినప్పుడల్లా వచ్చినవాళ్లు ముందున్న మీటల వరసలో ఒకటి నొక్కాలి. ప్రతిసారీ ఇంకాస్త పెద్ద కరెంటు షాకు. నిజానికి ఆయన వీళ్ల మనిషే, షాకూ లేదు, బాధా లేదు, ఆ కేకలు టేపులోవి. ముక్కూ మొహం తెలియని మనిషి చెబితే ఎందాకా నొక్కుతారన్నదే అసలు పరీక్ష. వాళ్లు తటపటాయిస్తే ఫీనీ "దయచేసి కొనసాగించండి" అనాలి. సొంత మాట ఒక్కటి చేర్చినా పరీక్ష పాడవుతుందని, ఉద్యోగం పోతుందని ముందే చెప్పారు.

చాలామంది చెమటలు కక్కుతూ, పెదవి కొరుక్కుంటూ, చివరిదాకా నొక్కేవారు. ఎందుకు? ఫీనీకి అదే వింత. ట్రాములోనూ అంతే. "ముందుకు జరగండి" అంటే ముందు చోటు లేకపోయినా జరిగేవారు. టోపీ చూసి జరిగారా, గొంతు విని జరిగారా, పక్కవాడు జరిగాడని జరిగారా? అప్పుడు అడిగే తీరిక లేదు. ఇప్పుడు అడిగే హక్కు లేదు.

ఆ మధ్యాహ్నం వచ్చినవాడు నున్జియో, రొట్టెల వ్యాను నడుపుతాడు. దుక్కలాంటి మనిషి. స్టీరింగు పట్టే తోలు గ్లౌజులు తీసి మీటల పక్కన పెట్టాడు.

"మా ఆవిడకి చెప్పకండి సార్," అన్నాడు మీటలు చూసి. "ఇలాంటిది ఇంటికొకటి తెమ్మంటుంది."

సగం మీటలు దాటాక గోడ అవతల కేక వినిపించింది. జోకులు ఆగిపోయాయి.

"ఆయనకేమన్నా అయితే?"

"దయచేసి కొనసాగించండి."

నొక్కాడు. మరో కేక. ఆ తరువాత అవతల చప్పుడే లేదు. నున్జియో మీటమీంచి చెయ్యి తీశాడు. దిగాల్సిన చోటు దాటిపోయిందేమోనని బెంగపడే ప్రయాణికుడిలా వెనక్కి తిరిగి చూశాడు.

"ఇంకెంత దూరం సార్?"

ఫీనీ నోరు తెరిచాడు. నేర్చుకున్న వాక్యానికి బదులు పాత అలవాటు బయటికొచ్చింది.

"ఆఖరి స్టాపు. దిగాలి బాబూ, దిగాలి."

నున్జియో తటాలున లేచాడు. ఏమిటని అడగలేదు, ఎందుకని అడగలేదు. తలుపు తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అతనికి నిజం చెప్పి రమ్మని సహాయకుణ్ణి వెనకాలే పరుగెత్తించి, ప్రొఫెసరు గారు గదిలోకి వచ్చారు. ఫీనీ కొడుకు వయసుంటుంది.

"ఏం మాటలండీ అవి?"

"నోరు జారింది సార్." ఫీనీ ఆగాడు. కుతూహలం ఆగలేదు. "ఒక్క మాట అడగనా? ఇప్పుడాయన లేచింది మనసు చెప్పిందనా, నేను చెప్పాననా?"

ప్రొఫెసరు గారు చేతిలోని కాగితం మీద ఆ పూట పరీక్షను కొట్టేశారు.

"అదే తెలియకుండా చేశారు కదండీ. రేపట్నుంచి మీరు రావద్దు."

"అలాగే సార్."

కోటు విప్పి వంకీకి తగిలించాక గానీ ఆ జవాబు ఎంత చప్పున వచ్చిందో ఫీనీకి తట్టలేదు. తన మాటకు విలువున్న ఒక్క చోటూ పోయింది. అయినా, ఇంకొక్క అవకాశం ఇవ్వండని అడగలేదేం తను? తననెవరూ కుర్చీకి కట్టలేదే! ఆ ప్రశ్నను వెంటబెట్టుకునే ఆయన మెట్లు దిగాడు.

ఖాళీ గదిలో, మీటల పక్కన, నున్జియో మరిచిపోయిన తోలు గ్లౌజు ఒకటి ఉంది, వేళ్లు ఇంకా దేన్నో పట్టుకున్నట్టే వంగి.