కాటా ఆరిపోయాక

"టెంపే ముక్కలు మాడుతున్నాయి, నీకు ముక్కు లేదా?" అని వంటింట్లోంచి అత్తగారు కేకేసేసరికి రత్మి సీసాను కాటా మీదే వదిలేసి పరుగెత్తింది.

మలాంగ్ ఊళ్లోని ఆ ఇంట్లో, వేప్ గొట్టాల్లో పోసి పొగలా పీల్చే ద్రవం కలపడం ఆరేళ్లుగా ఆమె పని. కొట్లో కూర్చుని అమ్మేది భర్త తౌఫిక్. "మా ఆవిడ సీసాలు కడుగుతుందంతే" అని గిరాకీలతో అంటుంటాడు. స్ట్రాబెర్రీ ఎసెన్సు మూడు గ్రాములు పోసి కాటా సున్నాకు తేవాలి. మీగడ ఎసెన్సు ఒక గ్రాము, మళ్లీ సున్నా. చేతులకు తొడుగులేసుకుని నికోటిన్ చివర్న. అది కాస్త ఎక్కువైతే ఏ తల్లి కన్నబిడ్డ కళ్లు తిరిగి బండి మీంచి పడతాడోనని ప్రతి సీసాకూ ఆమెకు భయమే.

పెనం మీది సోయాగింజల టెంపే ముక్కలు తిరగేసి, అత్తగారికి మంచినీళ్లిచ్చి వచ్చేసరికి కాటా దానంతటదే ఆరిపోయి, అంకె చెరిగిపోయి ఉంది. నికోటిన్ పోసిందా, పోయలేదా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఖాళీ సీసా బరువు రాసి ఉంటే తూచి తేల్చుకునేది. పొద్దుటి హడావిడిలో అదీ రాయలేదు.

"మాస్, ఇది పారబోస్తాను," అంది, కొట్లోంచి లోపలికొచ్చిన భర్తను ఎప్పటి పిలుపుతోనే పిలిచి.

"ఎందుకూ? ఇంకోసారి పొయ్. ఘాటుగా ఉంటే కుర్రాళ్లు ఎగబడతారు."

"రెండింతలైపోతే?"

"నీకెప్పుడూ చావు ఆలోచనలే! నువ్వే రెండు దమ్ములు లాగి చూడు. కళ్లు తిరిగాయా, పోసినట్టు."

పోయినేడు అలాగే లాగి చూసి మధ్యాహ్నమంతా వాంతులు చేసుకుంది. "నెల తప్పిందేమోలే" అని తల్లీకొడుకులు నవ్వుకున్నారు. ఎనిమిదేళ్ల కూతురు లారస్ మాత్రం బడి బట్టలతోనే వచ్చి, అమ్మ మొహం మీద జుట్టు పడకుండా వెనక నుంచి పట్టుకుని నిలబడింది. ఆ చిన్న చేతుల పట్టు రత్మి మెడకింకా తెలుస్తూనే ఉంది.

ఆమె వేప్ గొట్టంలో ఆ సీసాలోని ద్రవం నింపి అతని ముందుకు చాపింది.

"మీరు లాగండి."

తౌఫిక్ చెయ్యి వెనక్కి పోయింది. "నాకేమన్నా అయితే కొట్టెవరు చూస్తారే?"

పిచ్చి భయమని ఆరేళ్లుగా తను తిట్లు తిన్న ఆ భయం అతనికీ ఉంది. కాకపోతే, అతనికి భయమేస్తే లాగడానికి ఆమె ఉంది.

రత్మి సీసానూ గొట్టాన్నీ పారబోతకని పెట్టుకున్న ఇసుక డబ్బాలో వంపి మూత బిగించింది.

"ఇక నేను లాగి చూడను, మాస్. మీరు లాగలేనిదేదీ ఈ ఇల్లు దాటదు."