ఎవరి చోటు వాళ్ళదేనట!

ఈనార్ కొట్టిన జింక మీద వాళ్ళు డీజిల్ పోశారు. నేను కళ్ళారా చూశాను.

అక్టోబరు, విల్లుతో వేటాడుకునే రోజులు. రంపపు మిల్లు మూతపడ్డాక మా పక్కింటి ఈనార్ ఇంట్లో చలికాలానికి మాంసం అంటే అడవి నుంచి రావలసిందే. తెల్లవారకముందే కాపలా కన్నుగప్పి గేటు దాటిపోయి, సర్కారు అడవిలో జింకను కొట్టి, చెమటలు కక్కుతూ మళ్ళీ గేటు దాకా ఈడ్చుకొచ్చాడు. ఇంటికి తీసుకుపోదామని నేను బండి పెట్టుకుని గేటు ఇవతల నిలబడ్డాను. కాపలావాళ్ళు ఇద్దరు. ఒకడు డబ్బా మూత తీసి, పొట్ట చీల్చి శుభ్రం చేసిన జింక లోపలికి, తొడల మీదికి తీరిగ్గా పోశాడు.

"ఉల్లిపాయలేసి వండమను మీ ఆవిణ్ణి" అన్నాడు రెండోవాడు.

ఈనార్ జింక పక్కనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చంపినదాన్ని తినాలి, పారెయ్యకూడదు అన్నది మాకు తల్లిపాలతో వచ్చిన నీతి. డబ్బా పట్టుకున్నవాడికి అది తెలుసు. తెలిసే పోశాడు.

మా కౌంటీలోకి వచ్చే దారిలో పెద్ద బోర్డు ఉంటుంది. 'అడవులు, సరస్సులు, ఆరుబయట ఆనందాలు. రండి!' అని. రమ్మన్నది ఎవరినో ఇప్పుడు తెలిసింది. కాగితం కంపెనీ అమ్ముకున్న భూమిని ప్రెస్టన్ అనేవాడు కొని, దారికి రెండువైపులా బంగళాలు కట్టాడు. వేట, చేపలు, మంచుబళ్ళ షికార్లు, అన్నీ చికాగో డబ్బున్నోళ్ళకి. దారికి అడ్డంగా ఇనుప గేటు. ఆ దారి కౌంటీది. దానికి అవతల ఉన్న అడవి ప్రజలది. కౌంటీ బోర్డు పెద్దలు ప్రెస్టన్ పెట్టిన విందు తిని, మూతి తుడుచుకుని, గేటు మా భద్రత కోసమే అన్నారు. సిగ్గులేని జన్మలు!

శుక్రవారం వేపుడు చేపలకి ఊరంతా నేను వంట చేసే బారుకు వస్తుంది. వెర్నా అక్కడే మీటింగు పెట్టింది. ఒకప్పుడు మిల్లులో కార్మిక సంఘం నడిపిన మనిషి, ఇప్పుడు ప్రెస్టన్ బంగళాల్లో పక్కలు సర్దుతోంది.

"నవంబరు పదిహేను, తుపాకీ వేట మొదటిరోజు. అందరం కలిసి గేటు దాటుదాం" అంది.



"మనకెందుకు వదినా గొడవ? ఎవరి చోటు వాళ్ళు చూసుకుంటే పోలా?" అన్నాడు ఆమె మరిది ఆర్విడ్.

"గేటు అవతలున్న చోటుకి ఎట్టా పోతావురా? కాకిలాగా ఎగిరా?"

మావాళ్ళకో రోగం ఉంది. జింక కోసం మాటువేసే చోటు ఎవడూ ఎవడికీ చెప్పడు. అన్న తమ్ముడికి చెప్పడు, మొగుడు పెళ్ళానికి చెప్పడు. మంచులో అడుగుజాడలు పట్టుకుని ఎవడైనా వస్తాడేమోనని చుట్టుతిరిగి పోతారు. మా మామగారు ఆఖరి ఊపిరికి ముందు కొడుకుని పిలిచి తన చోటు చెప్పి మరీ కన్నుమూశాడు. ఆస్తి పంచిచ్చినట్టే!

ఈనార్ లేచాడు. "ఆ కాపలావాడు నన్నో మాటడిగాడు. 'మా దొర నీకు తాళంచెవి ఇవ్వలేదా?' అని. మరి ఎవడికిచ్చాడ్రా?"

వెర్నా తిన్నగా ఆర్విడ్ దగ్గరికి నడిచింది. "జేబులు తియ్."

ఆర్విడ్ ముఖం కందిపోయింది. ఇత్తడి తాళంచెవి ఒకటి బల్ల మీద పడేశాడు. "నా ఒక్కడికే ఇచ్చానన్నాడు ప్రెస్టన్. ఎవరికీ చెప్పొద్దన్నాడు. నీ చోటు నీదేనన్నాడు."

"నీ ఒక్కడికేనా? మరి నాకో?" అని వెనకనుంచి టపా పంచే లోవెల్ అరిచాడు. ఇంకొకడు లేచాడు, ఆ పక్కవాడూ లేచాడు. నేను గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చి మా ఆయన రైమో వంక చూశాను. తాయెత్తులా మెడకు కట్టుకున్నది చొక్కాలోంచి తీశాడు.

"ఓరి నీ ఇల్లు బంగారం కానూ!" అన్నాను.

బల్ల మీద కుప్ప పడింది. అన్నీ ఒకే గేటువి.

"నీకెందుకివ్వలేదురా?" అని ఈనార్‌ని అడిగాడు ఆర్విడ్.

"నా చోటెక్కడో చెప్తేనే ఇస్తానన్నాడు. నేను చెప్పలా." ఈనార్ చుట్టూ చూశాడు. "అయితే మీరు చెప్పారన్నమాట."

చేపలు మాడుతున్న వాసన వస్తున్నా నాకు కదలబుద్ధి కాలేదు.

"తోడబుట్టినోడికి చెప్పంది దొరకి చెప్పార్రా!" వెర్నా బల్ల చరిచింది. "వేట రోజులవగానే తాళం మారుస్తాడు. ఆడి గదులూడుస్తూ విన్నాను. వచ్చే ఏడు ఆ చోట్లలో చికాగోవాళ్ళు కూర్చుంటారు. మిల్లు మూసేముందు కూడా ఒక్కొక్కణ్ణి పిలిచి నీ పని నీదేనన్నారు. ఎవడి పని మిగిలింది? చెప్పండ్రా!"

ఎవడూ తన తాళంచెవి తిరిగి తీసుకోలేదు. అరుచుకున్నాం, తిట్టుకున్నాం, చివరికి గేటు విరగ్గొట్టాలన్నాం.

పదిహేనో తారీఖు పొద్దున్నే వేటకి వేసుకునే నారింజరంగు కోట్లతో దారి నిండిపోయింది. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, బడికి సెలవిచ్చిన మేష్టర్లు కూడా వచ్చారు. గేటు ముందు తన పోలీసులతో కౌంటీ షెరీఫ్, అతని పక్కన ప్రెస్టన్.

"తాళంచెవులున్నవాళ్ళు మర్యాదగా లోపలికి పోవచ్చు" అన్నాడు ప్రెస్టన్. "ఊరికే పక్కవాళ్ళ మాటలు విని చెడిపోకండి."

ఒక్కడూ కదలలేదు. ఈనార్ గ్యాస్ కట్టర్ వెలిగించాడు. షెరీఫ్ మనుషులు మీదికొస్తే వెర్నా అడ్డంగా నిలబడింది, ఆమె వెనక మేమంతా నిలబడ్డాం. గేటు కూలింది.

షెరీఫ్ వెర్నా చేతులు విరిచి బేడీలు వేశాడు. "నాయకురాలు పోతే మిగతావాళ్ళు ఇళ్ళకి పోతారు" అన్నాడు ప్రెస్టన్, మాకు వినబడేలాగే. నిజం చెప్పాలంటే కొందరు వెనక్కి చూశారు.

కారులోకి తోస్తుంటే వెర్నా తల బయటపెట్టి అరిచింది.

"ఆర్విడ్! దేవదారు చిత్తడి దాటాక పగిలిన బండ ఉంది. దాని వెనక కూలిన మాను మీద కూర్చో. గాలి వాగు వైపునుంచి కొడుతుంది, జింకకి నీ వాసన తగలనియ్యకు, జాగ్రత్త! నా చోటు ఖాళీగా ఉంచకండ్రా!"

ఊరందరి ముందు, షెరీఫ్ ముందు, ప్రెస్టన్ ముందు చెప్పేసింది. ఆర్విడ్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత గొంతెత్తాడు.

"నాది ఉత్తరపు గట్టు మీద, రెండు పైన్‌చెట్ల మధ్య! ఎవరైనా రండి!"

"నాది పాత రైలుకట్ట మలుపులో!" అన్నాడు లోవెల్.

మా ఆయన తన తండ్రి చోటు అరిచి చెప్పాడు. ఇన్నేళ్ళ కాపురంలో నేను వినడం అదే మొదలు. ఈనార్ కూడా చెప్పాడు. ప్రెస్టన్ 'ఆపండి, ఆపండి' అంటూనే ఉన్నాడు. మేము ఒకరి చోటు ఒకరికి చెప్పుకుంటూ, గేటు తొక్కుకుంటూ అడవిలోకి నడిచాం.