మద్రాసు చూపిస్తానన్న బావ

పందొమ్మిది వందల నలభైరెండు వేసవికి అమ్మణి మద్రాసు వెళ్ళాలి. సముద్రం, లైట్‌హౌసు, బోనులో పులి, అన్నీ చూపిస్తానని అక్క మొగుడు రాజగోపాల మాటిచ్చాడు. తమ ఊరు రాజపాళయం దాటి ఎరగని అమ్మణి చీరలు కూడా సర్దిపెట్టుకుంది. తీరా చూస్తే, చెప్పాపెట్టకుండా అక్కాబావలే వచ్చి వాకిట్లో దిగారు.

"సెలవులకి వచ్చినాము," అన్నాడు బావ.

బండిలోంచి ముందు దిగింది రుబ్బురోలు. దాని వెనక దేవుడి పటాలు, ఉయ్యాల గొలుసులు. సెలవులకొచ్చేవాళ్ళు ఎక్కడైనా రోలు మోసుకొస్తారా? అక్క నాచ్చియార్ అమ్మణి మొహం చూడకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

"మరి నేనెప్పుడు మద్రాసుకి వచ్చేది బావా? రాత్రిపూట లైట్‌హౌసు చూడాల."

"దాని దీపం ఆర్పేసినారు. జపాన్ విమానాలకి ఊరు కనపడకూడదంట."

"పోనీ, పులినైనా చూపియ్యండి."

అంతలో మిల్లు సైరన్ కూసింది. రోజూ మధ్యాహ్నం కూసేదే. రాజగోపాల చటుక్కున గోడవారకు ఒదిగి, రెండు చేతులతో తల కప్పుకున్నాడు. కూత ఆగాక కూడా లేవలేదు.

"బాంబు పడి బోను పగిలితే జనం మీద పడతాదని," అన్నాడు అక్కడినుంచే, "పులిని ముందే కాల్చేసినారు అమ్మణీ."