సుద్దదారం

ప్రొద్దుటూరులో డ్రాయింగు మాస్టరు ఓబులేసుకు పదకొండేళ్లుగా ఒకటే పిచ్చి. నాలుగైదు వందల ఏళ్లనాటి ఐరోపా చిత్రాల నకళ్లు తెప్పించుకుని, వాటిమీద పల్చటి కాగితం పరిచి, స్కేలుతో గీతలు గీసేవాడు. తల్లీబిడ్డల బొమ్మలో త్రిభుజం దొరికేది. విందు బొమ్మలో చేతులన్నీ మూల నుంచి మూలకు పోయే గీతమీద ఉండేవి. ఆ కొలతలతోనే తనూ బొమ్మలు వేసేవాడు.

పులివెందుల ప్రదర్శనలో అతని బొమ్మ ముందు ఎవరూ ఆగలేదు. అందరూ పక్కనున్న వేరుశనగ కాయలు వలిచే ఆడవాళ్ల బొమ్మ దగ్గరే గుమిగూడారు. దాన్ని వేసింది జమ్మలమడుగులో బోర్డులు రాసే కమాల్ బాషా. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే గురువు దగ్గర నేర్చుకున్నారు.

ఓబులేసు ఆ బొమ్మను ఫోనులో ఫోటో తీసుకుని, ఇంట్లో గీతలు గీసి చూశాడు. ముసలామె చేయి, పిల్ల చూపు, చాట అంచు, అన్నీ గీతలమీదే కూర్చున్నాయి. పదకొండేళ్లుగా తను కొలిచిన గీతలే అవి. మర్నాడే జమ్మలమడుగు బస్సెక్కాడు.

"యాడ చూసి వేసినావు కమాలూ?"

"చూసేదేముంది మామా. బోర్డు రాయాలంటే ముందు మూల నుంచి మూలకు సుద్దదారం లాగి గీత కొడతాం గదా, లేకుంటే అక్షరాలు ఒక పక్కకు పోతాయి. దీనికీ అట్లే కొట్టినా." కమాల్ తిరిగి అడిగాడు. "ఆ ఐరోపా పెద్దపెద్దోళ్లు గూడా ఇట్లనే చేసినారా? నువ్వు శానా చూసినావు గదా."

"లేదు," అన్నాడు ఓబులేసు. "ఇది బోర్డులోళ్ల పని."

కమాల్ ముఖం చిన్నబోయింది.

మరుసటేడు ప్రదర్శనలో కమాల్ బొమ్మలో మనుషులు చెల్లాచెదురుగా ఉన్నారు. జనం చూసీచూడనట్టు పోయారు. బహుమతి ఓబులేసుకు వచ్చింది.

"దారం లేకుంటే నాకు చెయ్యాడల్యా మామా," అన్నాడు కమాల్. "నువ్వు జెప్పింది నిజమే. ఇంక ఈ బొమ్మలు ఇడిసిపెడతా."

ఏడాదిగా ఓబులేసు కోరుకున్న మాట అదే. తీరా విన్నాక కమాల్ చేయి పట్టుకుని ఆపాడు.

"అబద్ధం జెప్పినా కమాలూ. వాళ్ల బొమ్మల్లోనూ ఆ గీతలుండాయి. నీ బొమ్మ చూసి ఓర్వలేకపోయినా."

"ఏడాది పాయ గదా మామా," అన్నాడు కమాల్. తన బొమ్మను గోడమీంచి దించి, చంకన పెట్టుకుని బస్టాండు వైపు నడిచాడు.

ఆ తర్వాత ఓబులేసు ఫోను చేస్తే కమాల్ పలికేవాడు. ఏం వేస్తాండావని అడిగితే మాత్రం బోర్డులనే చెప్పేవాడు. అతను ఇంట్లో సుద్దదారం కొట్టి గోడంత బొమ్మ ఒకటి వేస్తున్నాడని జమ్మలమడుగు నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. అది విన్న రోజు ఓబులేసుకు అన్నం సయించలేదు.