గంటకి ఎంత చెప్పాలి

కూతురు ఉద్యోగం మానేసి ఇంట్లోనే పని మొదలుపెట్టినప్పటి నుంచి తల్లికి కాలూ చెయ్యీ ఆడడం లేదు. ఎవరో చదివి రికార్డు చేసిన పుస్తకాలు విని, వాటిలోని దగ్గులూ తడబాట్లూ కత్తిరించడం ఆ పిల్ల పని. డబ్బు గంటల లెక్కన. అందుకని కంప్యూటర్‌లో ఓ మూల గడియారం పెట్టుకుంది. పని మొదలెడితే నొక్కుతుంది, ఆపితే మళ్ళీ నొక్కుతుంది.

పుస్తకాల కంపెనీ ఆవిడ ఏడాది పొడుగునా పని ఇస్తానంది. గంటకెంతో, పుస్తకానికి ఎన్ని గంటలో సాయంత్రంలోగా చెప్పమంది.

కూతురు గడియారం లెక్క తీసి మొహం చిట్లించింది.

"ఇదేంటి, పుస్తకమంతా ఇంత త్వరగా అయిపోయిందా? మరైతే ఇల్లు గడవాలంటే గంటకి ఇంత అడగాలి."

ఆ అంకె చూసి తల్లి గబగబా దగ్గరికొచ్చింది.

"అయిపోయింది! ఇక వాళ్ళు మన గడప తొక్కరు. తగ్గించవే."

"తగ్గిస్తే అద్దె నువ్వు కడతావా? ఒళ్ళొంచి చేశాననే అనుకున్నాను. గంటలు చూస్తే ఇన్నే!"

తల్లి అక్కడ నిలవలేకపోయింది. వంటింట్లోకి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. గిన్నె స్టవ్ మీద పెట్టి వెలిగించడం మరిచిపోయింది. చివరికి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నువ్వు చెవులకి అవి తగిలించుకుని బాల్కనీలో పచార్లు చేస్తావు చూడు, అప్పుడు నేను ఆపేదాన్నే."

"దేన్ని?"

"ఆ గడియారాన్ని. కుర్చీ ఖాళీ, అదేమో పరుగు. టాక్సీ మీటర్‌లా మన మీదే ఎక్కుతోందనుకున్నా. నీ అడుగుల చప్పుడు వినగానే మళ్ళీ నొక్కేదాన్ని."

కూతురు తల పట్టుకుంది. "నడుస్తూ వినడం కూడా పనేనమ్మా! సగం పుస్తకం అలాగే వింటాను."

"నడిచినందుకూ డబ్బిస్తారని నాకేం తెలుసే?"

"ఎంతసేపు ఆపావు?"

"ఏమో తల్లీ. ఏదో ఒకటి ఊహించి చెప్పెయ్. వాళ్ళకేం తెలుస్తుంది?"

"ఏడాదంతా ఆ అంకెతో నేను బతకాలి."

కూతురు కంపెనీ ఆవిడకి ఫోన్ చేసింది. తల్లి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా లెక్కలో తప్పొచ్చిందండీ. ఇంకో పుస్తకం చేసి, సరిగ్గా చూసుకుని చెబుతాను. వారం ఆగుతారా?"

అవతల నుంచి ఆవిడ గొంతు వినిపించింది. "సరే. కానీ ఇంకో అమ్మాయిని కూడా అడిగాను. తనూ ఇంట్లోనే చేస్తుంది, వారంలోనే చెబుతానంది. ఇద్దరివీ చూసి తేలుస్తాను."

ఫోన్ పెట్టేశాక కూతురు బల్ల వైపు తిరిగింది. తల్లి మాత్రం కదలలేదు.

"ఒసే, ఆ అమ్మాయి దగ్గర వాళ్ళమ్మ ఉంటోందేమో కనుక్కోకపోయావా?"