వాసన రావట్లేదక్కా

వీధిలో అందరూ ఆవిడను ఇప్పటికీ వంటావిడ అనే పిలుస్తారు. ఆస్పత్రి క్యాంటీన్‌లో పంతొమ్మిదేళ్లు గరిటె తిప్పిన మనిషి. రెండేళ్ల కిందట పట్టిన జ్వరం పోతూ పోతూ వాసన తెలిసే గుణాన్ని కూడా పట్టుకుపోయింది. అడుగంటిన కూర పక్కనే నిలబడి, పొగ లేచేదాకా కబుర్లు చెప్పింది. మూడోసారి అలా జరిగాక, ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమన్నారు. పొమ్మనడానికి మర్యాదగల మాటలకేం కొదవ! ముక్కు పనిచేయడం మానేసినా ముక్కు మీది కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఏప్రన్ విప్పి బల్ల మీద విసిరికొట్టి వచ్చేసింది.

ఆ తర్వాత మూడు నెలలు మంచం దిగలేదు. చూసి చూసి తోడికోడలు ఎనిమిది కోడిపిల్లల్ని అట్టపెట్టెలో తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటగది. పెరట్లో గూడు లేచింది, పిల్లలు పెట్టలయ్యాయి. వంటావిడ వాటిని కళ్లలో పెట్టుకుని చూసుకుంది.

"ఇవి కూడా నా చేతిలో పాడైతే, ఇక నేను దేనికీ పనికిరానే" అంది ఒకరోజు. నవ్వుతూనే అంది. తోడికోడలు మాత్రం నవ్వలేదు.

గూట్లో మొదట వంటావిడ ఎండుగడ్డి పరిచింది. అది రెట్టతో కలిసి అట్టకట్టింది. పక్కింటి డ్రైవరు గోడ మీంచి తొంగిచూసి, "మీ కోళ్లు మా పడగ్గదిలో కాపురం పెట్టినట్టున్నాయమ్మా" అన్నాడు. ఆవిడకు తల కొట్టేసినంత పనైంది. వెంటనే వీధి చివరి వడ్రంగి దగ్గరకు పోయింది.

"రంపపు పొడి వద్దు, దుమ్ము లేస్తుంది. ఇదిగో, చిత్రిక పట్టిన చెక్కపొట్టు, జానెడు మందాన పరవండి" అన్నాడు వడ్రంగి.

"మరి ఎప్పుడు మార్చాలి?"

"వాసన వస్తే మార్చండి. రాకపోతే దాని జోలికి పోకండి."

తన సంగతి పరాయివాడికి చెప్పుకోవడం ఆవిడకు నామోషీ. బుర్ర ఊపి బస్తా ఎత్తుకొచ్చింది. డ్రైవరు మళ్లీ నోరెత్తకుండా గూటికి నాలుగు వైపులా టార్పాలిన్ బిగించి కట్టింది. ఇక రోజూ పొద్దున్నే తోడికోడల్ని గూటి దగ్గరకు లాక్కెళ్లడం, "ఏమే, వాసనొస్తోందా?" అని అడగడం.

"రావట్లేదక్కా."

ఆ ఒక్క మాటతో ఆవిడ ముఖం వెలిగిపోయేది.

వర్షాలు పట్టుకున్నాయి. పొట్టు పైపైన బాగానే కనిపించింది. డ్రైవరు కిక్కురుమనలేదు. గూట్లోకి వంగినప్పుడల్లా ఆవిడ కళ్ల వెంట నీళ్లు కారేవి. వయసు మీద పడుతోంది కదా అనుకుంది.

ముందు నల్లపెట్ట కళ్లు మూతపడ్డాయి. రెండ్రోజులకు మరో నాలుగు పెట్టలవి. మేత ఒకచోట ఉంటే ముక్కుతో మరోచోట పొడుస్తున్నాయి. పశువుల డాక్టరమ్మ వచ్చి, టార్పాలిన్ ఎత్తిందో లేదో వెనక్కి గెంతింది.

"అమ్మో! నాకే కళ్లు మండిపోతున్నాయి. పొట్టు అడుగంతా తడి, పైగా గాలాడకుండా ఈ మూతొకటి. ఈ రెట్ట ఘాటుకే కళ్లు పోయాయి. ఈ ఐదు కోళ్లకు ఇక చూపు రాదు. ఇంత కంపు కొడుతుంటే ఇంట్లో ఒక్కరికీ తెలియలేదా?"

 డాక్టరమ్మ వెళ్లిపోయాక వంటావిడ నల్లపెట్టను ఒళ్లోకి తీసుకుని కూర్చుంది. అది ఆవిడ వేళ్లనే గింజలనుకుని పొడుస్తోంది.

"నీకు తెలుసు కదే?"

"తెలుసక్కా" అని తోడికోడలు ఏడ్చేసింది. "నువ్వు రోజూ అంత ఆశగా అడుగుతుంటే చెప్పడానికి నోరు రాలేదు. చాటుగా మార్చేద్దామంటే నువ్వు గూడు వదిలితేగా! మళ్లీ మంచం ఎక్కేస్తావని భయమేసింది. కళ్లు పోతాయని నాకేం తెలుసక్కా?"

తిట్టడానికి ఆవిడకు ఓపిక లేదు. తన కోసమే ఆడిన అబద్ధాన్ని ఏమని తిడుతుంది? చాలాసేపు పెట్ట వీపు నిమిరింది. అప్పుడు ఏదో తట్టి ఆ చెయ్యి ఆగిపోయింది.

"రోజూ నా కూర ఘుమఘుమలాడుతోందంటావు. అది?"

తోడికోడలు తల వంచుకుని టార్పాలిన్ ముడులు విప్పసాగింది. అన్ని ముడులూ విప్పేదాకా తలెత్తలేదు.