బయలుదేరని పార్శిల్

"పార్శిల్ దారిలో ఉందండీ" అని చెప్పడానికి ఆమె వంటింట్లో కుళాయి పెద్దగా తిప్పుకునేది. నీళ్ల చప్పుడులో తన అబద్ధం తన చెవినైనా పడదని కాబోలు. ఫోనులో అవతల ఉన్నది బట్టలు కుట్టుకుని బతికే టైలరమ్మ. మిషను మీద బిగించుకునే దీపానికి డబ్బు కట్టి నెల కావస్తోంది. "పొద్దు వాలితే సూదిలో దారం ఎక్కడం లేదమ్మా, అందుకని తొందరపెడుతున్నా" అంటుంది, తప్పంతా తనదే అయినట్టు. ఆ మర్యాదకే ఆమెకు ప్రాణం చచ్చిపోతోంది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆమెది సరుకు లేని కొట్టు. ఆన్‌లైన్‌లో దీపాల ఫొటోలు పెడుతుంది. ఎవరైనా డబ్బు కడితే ఆ ఆర్డరు టోకు వ్యాపారికి పంపుతుంది, అతను నేరుగా కొన్నవాళ్ల ఇంటికి సరుకు పంపిస్తాడు. మధ్యలో ఆమెకు మిగిలేది చిటికెడు. అంట్లకీ వంటకీ పిల్లల హోంవర్కుకీ మధ్య దొరికిన సందుల్లో పెంచుకున్న వ్యాపారం అది. మొదట్లో భర్త దాన్ని "ఫోను ఆట" అనేవాడు. దీపాలమ్మి ఎవరి కొంప వెలిగిస్తుందో చూద్దామని అత్తగారు వచ్చినవాళ్లతో చెప్పి నవ్వేది. నాలుగు ఆర్డర్లు పెరిగాక భర్త నోట అదే "మన వ్యాపారం" అయింది.

మొన్నామధ్య టోకు వ్యాపారికి నమ్మకం కుదిరి నెలాఖరు దాకా అరువిచ్చాడు. దాంతో కొన్నవాళ్ల డబ్బు ఆమె ఖాతాలో కొన్నాళ్లు నిలవుంది. సరిగ్గా అప్పుడే, బావగారూ తోడికోడలూ భోజనానికి వచ్చిన ఆదివారం, భర్త అందరి ముందూ అన్నాడు.

"కారు అడ్వాన్సుకి కాస్త తక్కువైంది. నీ ఖాతాలో ఉందిగా, సర్దుతావా?"

సర్దుతావా. పెళ్లయినప్పటి నుంచీ అడిగింది ఆమే. చెప్పులకి అడిగింది, పంటి డాక్టరుకి అడిగింది, అడిగిన ప్రతిసారీ "మొన్న ఇచ్చింది ఏమైంది" అన్న మాట మింగింది. ఆయన ఆమెను అడగడం అదే మొదలు. అది నాది కాదండీ, దీపాలు కొన్నవాళ్లది అన్న మాట గొంతు దాకా వచ్చింది. కానీ తోడికోడలు తన వైపు చూసిన ఆ చూపు ఎంత బాగుందో! "అదెంత భాగ్యం, తీసుకోండి" అంది, చెయ్యి అలా గాల్లో విసిరి. ఆ విసురు గుర్తొస్తే ఇప్పటికీ తల కొట్టేసినట్టవుతుంది. ఆయన తీసుకున్నందుకు కాదు, తను అంత ముచ్చటపడి ఇచ్చినందుకు సిగ్గు. వచ్చే ఆర్డర్ల డబ్బుతో పాత బాకీ తీరుద్దాంలే అనుకుంది. ఈలోగా దీపాలు కొన్ని పగిలిపోయి వెనక్కొచ్చాయి. ఆ వంకతో, కొన్నవాళ్ల దగ్గర ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ ఆమెకు రావలసింది ఆపేసింది. పాత బాకీ కడితేగానీ కొత్త పార్శిల్ కదలదని వ్యాపారి తెగేసి చెప్పాడు.

భర్తను ఒంటరిగా ఉన్నప్పుడు అడిగి చూసింది. అద్దం ముందు తల దువ్వుకుంటూ ఆయన వెనక్కి కూడా తిరగలేదు.

"ఇచ్చింది మళ్లీ అడుగుతారా ఎవరైనా? దారిలో ఉందని చెప్పు, విసిగి వాళ్లే ఊరుకుంటారు. నీ వ్యాపారం నువ్వే చూసుకోవాలి మరి."

'మన' కాస్తా మళ్లీ 'నీ' అయిపోయింది. అయినా ఆయన చెప్పినట్టే చెప్పింది, ఒకరికి కాదు, అందరికీ.

ఈ ఆదివారం మళ్లీ అందరూ భోజనాలకి కూర్చున్నారు. కారు ఎంత మెత్తగా నడుస్తుందో భర్త వర్ణిస్తున్నాడు, బావగారు తలూపుతున్నారు. ఆమె వడ్డిస్తుండగా ఫోను మోగింది. తినేవేళ ఏమిటా బేరాలని అత్తగారు సణిగింది. ఆమె గరిటె పెట్టేసి వంటింటి వైపు నడిచింది. టైలరమ్మ గొంతు ఇవాళ మరీ తగ్గి ఉంది.

"తల్లీ, పార్శిల్ రాకపోతే పోనీ. నేనే అడ్రసు తప్పు రాశానేమో, అదొక్కటి చెప్పు చాలు. నాకు ఏదీ చేతకాదని మా ఆయన రోజూ అంటున్నాడు."

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. ఇక్కడ తను ఆడిన అబద్ధం ఎక్కడో ఇంకో ఇంట్లో ఇంకో ఆడదాన్ని చేతకానిదాన్ని చేస్తోంది. వెనక్కి వచ్చి, అందరి మధ్యా నిలబడి గొంతు పెంచింది.

"మీరు తప్పు రాయలేదమ్మా. పార్శిల్ అసలు బయలుదేరలేదు. ఇన్నాళ్లూ నేనే అబద్ధం చెప్పాను."

భర్త ముద్ద దించి, కళ్లతోనే వద్దన్నాడు. ఆమె ఆ కళ్లలోకే చూస్తూ మిగతాది చెప్పింది.

"మీ డబ్బు మా వాకిట్లో కారై నిలబడి ఉంది. అమ్మించి మీది మీకు పంపిస్తాను. మీ ఆయన పక్కనే ఉంటే ఫోనివ్వండి, ఈ మాట ఆయనకి కూడా చెబుతాను."